గొంతెమ్మ కోరికల ఉద్యోగ ప్రకటనలు: తప్పు రాసేవారిదా, నమ్మి వెనక్కి తగ్గేవారిదా?

అర్ధరాత్రి కంపైలర్ (చర్చ మొదలుపెట్టినవారు):

నిన్న కంటపడిన ప్రకటన ఇది. సంస్థ పేరు తీసేశాను. మిగతాది ఉన్నది ఉన్నట్టే.

"బ్యాకెండ్ డెవలపర్ కావలెను. మొత్తం అనుభవం 3 నుంచి 5 ఏళ్ళు. జావా, పైథాన్, గో భాషల్లో నైపుణ్యం. రియాక్ట్, యాంగ్యులర్‌లలో గట్టి పట్టు. డాకర్, కుబర్నెటిస్ తప్పనిసరి. ఏడబ్ల్యూఎస్, అజూర్, జీసీపీ మూడింటిలోనూ పనిచేసి ఉండాలి. కాఫ్కాలో 4 ఏళ్ళు. లాంగ్‌చైన్‌లో 5 ఏళ్ళు. డేటాబేస్ నిర్వహణ, సెక్యూరిటీ ఆడిట్, టెస్ట్ ఆటోమేషన్ తెలిసి ఉండాలి. అవసరమైతే క్లయింట్లతో మాట్లాడాలి. వెంటనే చేరగలిగేవారికి ప్రాధాన్యం."

లాంగ్‌చైన్ (ఏఐ మోడళ్ళతో అప్లికేషన్లు కట్టడానికి వాడే లైబ్రరీ) మొదటిసారి విడుదలైంది 2022 అక్టోబర్‌లో. దాన్ని తయారుచేసినవారికైనా 5 ఏళ్ళు నిండాలంటే 2027 అక్టోబర్ దాకా ఆగాలి. పైగా మొత్తం అనుభవం 3 ఏళ్ళున్నా చాలు అంటూనే అందులో ఒక్కదానికే 5 ఏళ్ళు అడిగారు. ఈ లెక్క ఏ తరగతిలో చెబుతారో మరి.

నవ్వుకుని వదిలేద్దామనుకున్నాను. కానీ నా స్నేహితురాలు ఈ ప్రకటన చూసి "ఇది మనకు కాదులే" అని పక్కన పెట్టేసింది. జావాలో, డేటాబేస్ పనిలో ఆమె నాకన్నా చాలా మెరుగు. ఇందులో సగం కూడా రాని మరో పరిచయస్థుడు మాత్రం దరఖాస్తు పంపి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాడు. అందుకే అడుగుతున్నాను. రాసిన మాటను రాసినట్టే నమ్మి ఆగిపోవడం అభ్యర్థి అమాయకత్వమా? లేక అలా రాయడమే సంస్థ చేసే తప్పా?

సూటిమాట:

నమ్మేవారిదే తప్పు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

చాలా ఏళ్ళుగా నా బృందంలోకి మనుషుల్ని నేనే ఎంచుకుంటున్నాను. ప్రకటనలో పది అడిగి, నాలుగు వచ్చినవారిని తీసుకున్న సందర్భాలే ఎక్కువ. ప్రకటన అంటే బేరంలో మొదటి ధర. ఆ ధర విని దుకాణం మెట్లు దిగి వెళ్ళిపోయేవారిని ఎవరు ఆపగలరు? సాఫ్ట్‌వేర్ పనిలో మనకు వచ్చే అవసరాల పత్రం ఏనాడైనా స్పష్టంగా ఉందా? అస్పష్టమైన పత్రంలో ఏది ముఖ్యమో, ఏది అలంకారమో పట్టుకోవడమే సగం ఉద్యోగం. ఆ పని ఇక్కడి నుంచే మొదలవుతుంది అనుకోండి.

మీ స్నేహితురాలు ఈరోజే దరఖాస్తు పంపాలి. నా సలహా అంతే.

ఫ్రెషర్ 2024:

అండీ, సలహా బాగుంది. కానీ దరఖాస్తు ఫారంలో "కుబర్నెటిస్‌లో ఎన్నేళ్ళు?" అని ఒక గడి ఉంటుంది. అంకె వేయకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు. సున్నా వేశాను. ఒక్క నిమిషంలో "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని మెయిల్ వచ్చింది. ఏది ముఖ్యమో, ఏది అలంకారమో ఆ ఫారానికి ఎవరు చెప్పాలి?

గోడ మీద పిల్లి:

నిమిషం తీసుకుందా? అదృష్టవంతులు. ఎవరో కూర్చుని చదివినట్టున్నారు.

హెచ్ఆర్ వైపు నుంచి:

ఈ పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి వంట ఎలా జరుగుతుందో చెబుతాను.

ఒక డెవలపర్ రాజీనామా చేస్తారు. ఆయన స్థానంలో ఒకరు కావాలని మేనేజర్ రెండు వాక్యాల మెయిల్ పంపుతారు. "అలాంటివారే కావాలి, త్వరగా." అలాంటివారే అంటే ఎలాంటివారు అని అడిగితే సమావేశానికి సమయం లేదంటారు. అప్పుడు మేము ఏం చేస్తాం? పాత ప్రకటన బయటికి తీస్తాం. వెళ్ళిపోయిన వ్యక్తి ఈ కొన్నేళ్ళలో ముట్టుకున్న పనిముట్లన్నీ అందులో చేరుస్తాం. బృందంలో ఇద్దరు ముగ్గురికి పంపితే ఒక్కొక్కరు తమకు ఇష్టమైనది ఒకటి కలుపుతారు. తీసేసే అలవాటు మాత్రం ఎవరికీ ఉండదు. ఎందుకంటే తీసేసినవారు రేపు జవాబు చెప్పుకోవాలి, కలిపినవారు చెప్పుకోనక్కరలేదు.

ఇందులో అసలు తమాషా ఒకటి ఉంది. ఆ వెళ్ళిపోయిన వ్యక్తి చేరిన రోజున ఆయనకు వాటిలో మూడో వంతు కూడా రావు. మిగతావి ఇక్కడే, ఈ పనిలోనే నేర్చుకున్నారు. అంటే వెళ్ళేటప్పుడు ఆయన ఎలా ఉన్నారో, వచ్చేటప్పుడే అలా ఉన్న మనిషి మాకు కావాలి. జీతం మాత్రం ఆయన చేరినప్పటిదే ఇస్తాం.

జీతాల శ్రేణుల గొడవ మరొకటి. ఒక స్థాయి జీతం ఇవ్వాలంటే ఆ స్థాయికి "కనీసం ఇన్నేళ్ళు" అని నిబంధన ఉంటుంది. మేనేజర్‌కు మంచి జీతం ఇచ్చి మనిషిని తెచ్చుకోవాలని ఉంటుంది, ఆమోదం కావాలంటే కాగితం మీద ఏళ్ళు చూపించాలి. అలా 3 కాస్తా 6 అవుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అందరూ తమ గడి తాము నింపుతారు, చివరికి తయారైన మొత్తాన్ని ఒక్కరూ మొదటి నుంచి చివరిదాకా చదవరు.

లాంగ్‌చైన్ 5 ఏళ్ళు అన్నది కచ్చితంగా నాలాంటివారు ఎవరో వేసిన అంకె. "5 ఏళ్ళు" అన్న గడి ముందు నుంచీ ఉంది, పనిముట్టు పేరు మాత్రమే మారింది.

పాత సిస్టమ్స్:

నేను 1990ల చివర్లో ఉద్యోగం వెతికినప్పుడూ జావాలో 5 ఏళ్ళు అడిగేవారు. జావా 1.0 వచ్చింది 1996 జనవరిలో. కాబట్టి ఈ జబ్బు కొత్తది కాదు.

అందరికీ తెలిసిన ఉదాహరణ 2020 జూలైలో వచ్చింది. ఫాస్ట్ఏపీఐ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌ను సృష్టించిన సెబాస్టియన్ రమీరెజ్ ఒక ఉద్యోగ ప్రకటన చూశారు. అందులో ఫాస్ట్ఏపీఐలో 4 ఏళ్ళకు పైగా అనుభవం అడిగారు. దాన్ని తయారుచేసి ఏడాదిన్నర మాత్రమే అయింది కాబట్టి తాను అర్హుడిని కానని ఆయన ట్విటర్‌లో రాశారు. అదే నెలలో ఒక పెద్ద సంస్థ కుబర్నెటిస్‌లో 12 ఏళ్ళ అనుభవం కావాలని ప్రకటించి నవ్వులపాలైంది. కుబర్నెటిస్‌ను బయటికి విడుదల చేసింది 2014 జూన్‌లో. అంటే అప్పటికి ఆరేళ్ళు. ఆ తర్వాత ఆ ప్రకటనను సరిదిద్దుకున్నారనుకోండి.

ఇలాంటివి ఒక రకంగా మేలు. అబద్ధమని చూడగానే తెలిసిపోతుంది. నాకు భయం వేసేది సాధ్యమే అనిపించే ప్రకటనలతో. "కాఫ్కాలో 4 ఏళ్ళు" చూడండి. ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే ఈ కాఫ్కా 2011 నుంచి ఉంది కాబట్టి ఎవరూ నవ్వరు. కానీ ఆ పనికి 4 ఏళ్ళ కాఫ్కా నిజంగా కావాలా, నాలుగు నెలలు చాలా అన్నది బయటివారికి తెలిసే దారే లేదు.

లెక్కల పిచ్చి:

ఏళ్ళ సంగతి తేల్చడానికి కొంత సమాచారం.

ఉద్యోగంలో చేరకముందు ఉన్న అనుభవానికీ, చేరాక కనబరిచే పనితనానికీ సంబంధం ఎంత? దీనిపై జరిగిన 81 అధ్యయనాలను కలిపి 2019లో ఒక విశ్లేషణ ప్రచురించారు. తేలిన సహసంబంధం 0.06. సున్నా అంటే ఏ సంబంధమూ లేదని, ఒకటి అంటే పూర్తి సంబంధమని గుర్తు పెట్టుకుని ఆ అంకెను మళ్ళీ చూడండి. అంతకుముందు 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు చేసిన ప్రసిద్ధ విశ్లేషణలో అనుభవం ఏళ్ళకు 0.18 వచ్చింది. అదే పట్టికలో, చేయబోయే పనిలోంచే చిన్న ముక్క ఇచ్చి చేయించి చూసే పరీక్షకు 0.54. ఇలాంటి సంఖ్యలను 2022లో సాకెట్ అనే మరో పరిశోధకుడి బృందం తిరిగి లెక్కకట్టి చాలావరకు తగ్గించింది. అందులో పద్ధతి ప్రకారం, అందరికీ ఒకే ప్రశ్నలతో సాగే ఇంటర్వ్యూ మొదటి స్థానంలో నిలిచింది. ఏళ్ళ అనుభవం అడుగునే ఉండిపోయింది.

అంటే మనం జల్లెడగా వాడుతున్నది అన్నింటిలోకీ పనికిరాని కొలమానం. ఎందుకు వాడుతున్నాం? లెక్కపెట్టడం తేలిక కాబట్టి.

ఫ్రెషర్ గారు చెప్పిన ఫారం గురించి ఒక మాట. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి 2021లో ఒక నివేదిక తెచ్చాయి. నైపుణ్యం ఉన్న అర్హులైన అభ్యర్థులు కూడా ప్రకటనలోని షరతులకు అక్షరాలా సరిపోకపోవడం వల్ల తమ వ్యవస్థలో తిరస్కరణకు గురవుతున్నారని 88 శాతం యాజమాన్యాలు అందులో స్వయంగా చెప్పాయి. తెలిసే జరుగుతోందన్నమాట.

సూటిమాట:

లెక్కల పిచ్చి గారూ, ఆ 0.06లో ఎన్ని రకాల ఉద్యోగాలు కలిసిపోయాయి? అన్ని రకాల పనులకూ సగటు తీసి దాన్ని అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు లేపాల్సిన మనిషికి వర్తింపజేస్తే ఎలా? క్యూలో లక్షల సందేశాలు పేరుకుపోయిన రోజు ఒకసారి చూసినవారికీ, పుస్తకంలో చదివినవారికీ తేడా ఉంటుంది. ఆ తేడా నేను జీతం ఇచ్చి కొనుక్కుంటాను.

మరో మాట. మా బృందంలో ఒకసారి మీరందరూ మెచ్చుకునే తరహాలో నాలుగు వాక్యాల ప్రకటన వేశాం. దరఖాస్తులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. చదవడానికి ఇద్దరు సీనియర్లు రోజుల తరబడి కూర్చున్నారు. ఆ రోజుల్లో వారు చేయాల్సిన పని ఆగిపోయింది. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? పొడవాటి జాబితా అందంగా ఉండదని నాకూ తెలుసు. కానీ అది గేటు.

హెచ్ఆర్ వైపు నుంచి:

ఈ విషయంలో సూటిమాట గారితో సగం ఏకీభవిస్తాను. ఒక్క నొక్కుతో దరఖాస్తు వెళ్ళిపోయే ఏర్పాటు వచ్చాక, ప్రకటన చదవకుండానే పంపేవారు విపరీతంగా పెరిగారు. ఇప్పుడు రెజ్యూమెను ప్రకటనకు తగ్గట్టు మార్చి పంపే ఏఐ పనిముట్లూ వచ్చాయి. అటు గుట్ట పెరిగితే ఇటు గేటు పెరుగుతుంది. గేటు పెరిగిందని వారు ఇంకా ఎక్కువ చోట్లకు పంపుతారు.

అర్ధరాత్రి కంపైలర్:

సూటిమాట గారూ, గేటు అన్నారు కదా. ఆ గేటు ఎవరిని ఆపుతోందో చూడండి.

అబద్ధం ఆడడానికి సిద్ధపడినవారిని అది ఆపడం లేదు. వారు గడిలో 4 అని వేసి లోపలికి వస్తారు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టి, లేని సంస్థలో లేని ఉద్యోగం చేసినట్టు పత్రాలు, జీతం స్లిప్పులు తెచ్చుకునేవారు ఎలా తయారవుతున్నారు? మూడేళ్ళ అనుభవం లేకపోతే ఎవరూ లోపలికి రానివ్వరు, లోపలికి రాకపోతే అనుభవం రాదు. ఈ సందులోనే ఆ వ్యాపారం నడుస్తోంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయి, చేరిన కొద్ది నెలలకే పంపించేయబడినవారు మనందరికీ తెలుసు. వారు చేసింది మోసమే, సమర్థించడం లేదు. కానీ ఆ మోసానికి గిరాకీ ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకోవాలి.

మరి గేటు ఎవరిని ఆపుతోంది? సున్నాను సున్నా అని రాసేవారిని. మీరు బేరంలో మొదటి ధర అన్నారు. బేరం అని ఇద్దరికీ తెలిస్తేనే అది బేరం. ఒకరికి తెలిసి మరొకరికి తెలియకపోతే దానికి వేరే పేరు ఉంది. ఇంట్లో ఎవరైనా ఇదే రంగంలో ఉన్నవారికి "అవన్నీ పట్టించుకోకు, పంపించు" అని చెప్పేవారు ఉంటారు. మొదటితరంగా ఈ ఉద్యోగాల వైపు వస్తున్నవారికి ఆ మాట ఎవరు చెప్పాలి? వారు "తప్పనిసరి" అంటే తప్పనిసరి అనే అనుకుంటారు. తెలుగు తెలిసినవారెవరైనా అలాగే అనుకోవాలి.

ఫ్రెషర్ 2024:

చివరి పేరా నా గురించే రాసినట్టుంది.

వెన్నెల కోడ్:

ఈ చర్చలో ఎవరూ ఎత్తని విషయం. మగవారు అర్హతల్లో 60 శాతం ఉంటే చాలు దరఖాస్తు పంపుతారు, ఆడవారు 100 శాతం ఉంటే తప్ప పంపరు అని చదివాను. అలాంటప్పుడు ఈ పొడవాటి జాబితాలు ఎవరిని ముందుగా తరిమేస్తాయో వేరే చెప్పాలా? మాకు ఆత్మవిశ్వాసం తక్కువని మళ్ళీ మాకే క్లాసులు.

లెక్కల పిచ్చి:

వెన్నెల గారూ, ఆ 60, 100 అంకెలను జాగ్రత్తగా వాడాలి. అవి ఒక పెద్ద కంప్యూటర్ సంస్థ అంతర్గత నివేదికలోవని చెబుతారు. ఆ నివేదిక బయటివారు పరిశీలించడానికి రాలేదు, అంకె మాత్రం ఊరంతా తిరిగింది.

కానీ మీ చివరి వాక్యానికి బలం ఉంది. టారా మోర్ అనే రచయిత్రి ఇదే విషయంపై 2014లో చాలామందిని నేరుగా అడిగారు. అర్హతలన్నీ లేని ఉద్యోగానికి ఎందుకు దరఖాస్తు పెట్టలేదు అని. "నేను ఆ పని చేయలేను" అన్న జవాబు వెనకబడింది. ఎక్కువమంది చెప్పిన కారణం, "రాసిన అర్హతలు లేవు కదా, ఎలాగూ తీసుకోరు, సమయం ఎందుకు వృథా" అని. ఆడవారిలోనూ మగవారిలోనూ అదే. అంటే వారికి తమ మీద నమ్మకం లేకపోవడం కాదు. ప్రకటన మీద నమ్మకం ఎక్కువ.

సూటిమాట:

సరే, ప్రకటన నిజాయితీగా ఉండాలి అంటున్నారు. అయితే ఒక మాట. సంస్థ వారిది, డబ్బు వారిది. ఆకాశం నుంచి చందమామను అడిగే హక్కూ వారికి ఉంది. దొరక్కపోతే నష్టం వారికే. మార్కెట్టే బుద్ధి చెబుతుంది.

పాత సిస్టమ్స్:

హక్కు అంటే గుర్తొచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1971లో గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ విద్యుత్ సంస్థ కొన్ని పనులకు హైస్కూల్ డిప్లొమా, పరీక్షలు షరతుగా పెట్టింది. డిప్లొమా లేకుండా ముందే చేరినవారు అదే పని చక్కగా చేస్తున్నారు. ఆచరణలో ఆ షరతులు నల్లజాతివారిని బయటే ఉంచుతున్నాయి. చేసే పనికి సంబంధం లేని షరతు ఒక వర్గాన్ని అలా బయట ఉంచితే చెల్లదని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఉద్దేశం మంచిదైనా సరే అంది. కాబట్టి "మా డబ్బు, మా ఇష్టం" అన్న మాట అన్నిచోట్లా చెల్లుబాటు కాదు.

కాఫ్కా అడిగితే కోర్టుకు వెళ్ళమనడం లేదు లెండి. షరతుకూ పనికీ సంబంధం చూపించమని అడగడం అత్యాశ కాదు అంటున్నాను.

గోడ మీద పిల్లి:

మార్కెట్ బుద్ధి చెబుతుంది అని సూటిమాట గారు అంటున్నారు. పాత సిస్టమ్స్ గారు 1990ల నుంచి ఇదే చూస్తున్నామంటున్నారు. మార్కెట్ నెమ్మదస్తురాలు.

వలస పక్షి:

మరో కోణం ఉంది. కొన్ని ప్రకటనలు ఎవరినీ తీసుకోవడానికి వేసినవి కావు. లోపల ఒకరిని ముందే అనుకుంటారు, నిబంధన ప్రకారం ప్రకటన వేయాలి. అప్పుడు ఆ మనిషి రెజ్యూమెను ముందు పెట్టుకుని ప్రకటన రాస్తారు. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం చేసే పర్మ్ ప్రక్రియ తెలిసినవారికి ఇది కొత్త కాదు. అర్హుడైన స్థానికుడు దొరకలేదని చూపించాలి కాబట్టి రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేస్తారు. ఇలాంటి వ్యవహారంలోనే అమెరికా న్యాయశాఖతో ఫేస్‌బుక్ 2021లో 1.425 కోట్ల డాలర్ల దాకా, ఆపిల్ 2023లో 2.5 కోట్ల డాలర్ల దాకా చెల్లించే ఒప్పందాలు చేసుకున్నాయి.

మన అర్ధరాత్రి గారు పెట్టిన ప్రకటన కూడా ఎవరి ముఖం చూసి రాసిందో.

లెక్కల పిచ్చి:

చిన్న సవరణ. ఆ రెండు కేసుల్లో ప్రధాన ఆరోపణ నైపుణ్యాల జాబితా గురించి కాదు. ఆ ఉద్యోగాలను తమ మామూలు వెబ్‌సైట్‌లో పెట్టకపోవడం, దరఖాస్తులు తపాలాలో పంపమనడం వంటివి. ఎవరూ దరఖాస్తు పెట్టకుండా చూసుకున్నారన్నది ఫిర్యాదు. మీ అసలు వాదనకు దగ్గరే, కానీ ఉదాహరణ కాస్త పక్కకు పోయింది.

వలస పక్షి:

ఒప్పుకుంటాను. తపాలా బిళ్ళ కూడా ఒక అర్హతే అనుకుందాం.

హెచ్ఆర్ వైపు నుంచి:

ఇంతసేపూ జబ్బు గురించే మాట్లాడాం. యూపీఎస్‌సీ నియామక ప్రకటనలు చూశారా? అందులో తప్పనిసరి అర్హతలు ఒకచోట, ఉంటే మంచిదనే అర్హతలు మరోచోట విడివిడిగా ఉంటాయి. ప్రైవేటు సంస్థలు సర్కారీ పద్ధతులని వెక్కిరిస్తాయి గాని, ఈ ఒక్క గీత గీయడం మాకు చేతకాలేదు.

మనం ఇక్కడే ప్రయత్నిద్దామా? అర్ధరాత్రి గారు పెట్టిన ప్రకటననే తీసుకుందాం. ఆ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఏది రాకపోతే పని ఆగిపోతుంది? అది మాత్రమే ఉంచుదాం. సూటిమాట గారే మేనేజర్ అనుకుందాం. మిగతావారు కొట్టివేతలు చెప్పండి.

పాత సిస్టమ్స్:

మూడు క్లౌడ్‌లూ (ఏడబ్ల్యూఎస్, అజూర్, జీసీపీ) కొట్టేయండి. ఏ సంస్థా ఒక బృందంతో మూడింటినీ సమానంగా నడిపించదు. వారు వాడేది ఏదో ఒకటి రాసి, "లేదా అలాంటిదే మరొకటి" అంటే చాలు. ఒకటి వచ్చినవారికి రెండోది వారాల్లో పట్టుబడుతుంది. మూడు భాషలదీ అదే కథ. ఒక భాషలో ప్రోగ్రాం ఎలా చచ్చిపోతుందో తెలిసినవారు రెండో భాషలోనూ కనిపెట్టగలరు.

వెన్నెల కోడ్:

రియాక్ట్, యాంగ్యులర్ రెండూ తీసేయాలి. అవి తెర మీద కనిపించే భాగం కట్టే పనిముట్లు. ఉద్యోగం పేరే బ్యాకెండ్, అంటే వెనక సర్వర్ మీద నడిచే భాగం. రెండింటిలోనూ గట్టి పట్టు ఉన్నవారు ఈ ఉద్యోగానికి ఎందుకు వస్తారు? సెక్యూరిటీ ఆడిట్ అనేది మరొకరు చేయాల్సిన పూర్తికాలపు పని. దాన్ని ఇక్కడ ఇరికించారంటే ఆ మనిషిని పెట్టుకోవడం లేదని అర్థం. అది చదివితే నాకు భయం వేయాలి, ఆకర్షణ కాదు.

అర్ధరాత్రి కంపైలర్:

లాంగ్‌చైన్ తీసేయమని ప్రత్యేకంగా చెప్పాలా? ఇలాంటి లైబ్రరీల రూపం రెండేళ్ళకోసారి మారిపోతోంది. రెండేళ్ళనాటి అనుభవంలో సగం ఇప్పటికే పనికిరాదు. ఏఐ మోడల్‌ను పిలిచి, అది తప్పు జవాబు ఇచ్చినప్పుడు ఏం చేయాలో ఆలోచించగలరా అని అడిగితే సరిపోతుంది.

సూటిమాట:

ఇప్పటిదాకా అన్నవాటికి అభ్యంతరం లేదు. "వెంటనే చేరగలిగేవారికి" అన్నదీ కొట్టేయండి. అందరికీ నోటీస్ పీరియడ్ ఉంటుంది, మా వాళ్ళను మేము మాత్రం రెండు నెలలు వదలం.

కానీ కాఫ్కా తీయను. ఈ పనిలో చెల్లింపుల సందేశాలు దాని మీదే నడుస్తాయనుకుందాం. ఒక ఖాతాకు చెందిన సందేశాలు వరుస తప్పితే డబ్బు తప్పుగా కదులుతుంది. అక్కడ నేర్చుకునే సమయం ఇవ్వలేను.

ఫ్రెషర్ 2024:

సూటిమాట గారూ, ఒక సందేహం. ఉద్యోగంలో కాకుండా సొంతంగా నేర్చుకున్న కాఫ్కా లెక్కలోకి వస్తుందా? ఇంట్లో కంప్యూటర్‌లో మూడు బ్రోకర్లు (కాఫ్కా సర్వర్లు) నడిపి చూశాను.

సూటిమాట:

రావచ్చు. ఇది చెప్పండి. టాపిక్‌లో (ఒక రకం సందేశాలన్నీ చేరే చోటు) పార్టిషన్లు (దాన్ని విడగొట్టిన భాగాలు) చాలడం లేదని 6ను 12 చేశారు. ఆ తర్వాత కొన్ని ఖాతాల సందేశాలు వరుస తప్పాయి. ఎందుకు?

ఫ్రెషర్ 2024:

కాఫ్కా వరుసకు హామీ ఇచ్చేది ఒక పార్టిషన్ లోపలే. ఖాతా నంబరును కీగా ఇస్తే, దాని హ్యాష్‌ను (కీ నుంచి లెక్కకట్టే సంఖ్యను) పార్టిషన్ల సంఖ్యతో భాగించి వచ్చే శేషాన్ని బట్టి ఏ పార్టిషన్‌కు వెళ్ళాలో తేలుతుంది. 6 కాస్తా 12 అయితే శేషం మారవచ్చు. అప్పుడు అదే ఖాతా పాత సందేశాలు ఒక పార్టిషన్‌లో, కొత్తవి మరోదానిలో ఉంటాయి. పాతవి చదవడం పూర్తికాకముందే కొత్తవి మరో కన్స్యూమర్ (సందేశాలు చదివే ప్రోగ్రాం) చదివేస్తే వరుస పోతుంది. పాతవన్నీ ఖాళీ అయ్యేదాకా కొత్తవి పంపకుండా ఆపాలి, లేదా కొత్త టాపిక్ పెట్టి అటు మళ్ళించాలి అనుకుంటున్నాను. రెండోది నేను చేసి చూడలేదు.

సూటిమాట:

4 ఏళ్ళ అనుభవం రాసుకుని వచ్చి ఇది చెప్పలేనివారిని చూశాను.

హెచ్ఆర్ వైపు నుంచి:

అయితే ప్రకటనలో "కాఫ్కాలో 4 ఏళ్ళు" బదులు "పార్టిషన్లు మారినప్పుడు సందేశాల వరుస కాపాడగలగాలి" అని రాస్తే?

సూటిమాట:

రాయవచ్చు. రాసిన మర్నాటి నుంచి అందరి రెజ్యూమెల్లోనూ ఆ వాక్యమే ఉంటుంది. ఏఐ రాసి పెడుతుంది.

హెచ్ఆర్ వైపు నుంచి:

4 అనే అంకెను రాసిపెట్టడానికి ఏఐ కూడా అక్కరలేదు కదండీ. ఈ వాక్యం రాసుకున్నవారిని ఫోన్‌లో పది నిమిషాలు అడిగితే తేలిపోతుంది. ఇప్పుడు మీరు అడిగినట్టే.

సూటిమాట:

పది నిమిషాలు అడగడానికి నాకు అభ్యంతరం లేదు. ఎంతమందిని అడగాలి, ఎవరు అడగాలి అన్నదే ప్రశ్న. ఆ సమయాన్ని నా బృందం పనిగంటల్లో లెక్కవేయమని పైవారికి మీరు రాసివ్వండి. అంకె తీసేసే పూచీ నాది.

హెచ్ఆర్ వైపు నుంచి:

రాసిస్తాను. ఆమోదం వస్తుందో లేదో ఇక్కడే చెబుతాను. ఈలోగా ఫ్రెషర్ గారు తమ రెజ్యూమె నాకు సందేశంలో పంపాలి. కుబర్నెటిస్ గడిలో సున్నా ఉన్నా ఫరవాలేదు.